లంగరు వేశాక ఊరిని అడగాలి

తెరచాప ఎత్తి దీవుల వెంట తిరగడం డబ్బున్నవాళ్ల సరదాగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఊరి పెద్ద ముందు చాప మీద కూర్చుని 'రావచ్చా' అని అడిగే ప్రయాణం. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న సిద్దిపేట జిల్లా కొండపాకకు దానితో ఏం పని? చాలానే ఉంది.

ఫిజీ దేశానికి తూర్పు అంచున లావ్ దీవులున్నాయి. వాటిలో దక్షిణం వైపు ఉన్న చిన్న దీవి ఫులంగా. అక్కడ విమానం దిగే చోటు లేదు. సరుకుల ఓడ నెలకోసారి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. బయటి నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది తెరచాప పడవల వాళ్లే. చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్లో పడవ పట్టే సందు ఒక్కటే. పోటుకూ ఆటుకూ మధ్య నీరు నెమ్మదించే కాసేపట్లో దాన్ని దాటాలి. దాటాక లోపల నిలకడైన నీలిమడుగు, అడుగున అలలు కొరికేసిన సున్నపురాతి తిప్పలు, తెల్లటి ఇసుక.

ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ నీళ్లను చూడగానే దూకాలనిపిస్తుంది. దూకకూడదు. ముందు 'సులు' అనే గుడ్డను నడుముకు చుట్టుకోవాలి. భుజాలు కప్పుకోవాలి. టోపీ, నల్లకళ్లద్దాలు తీసేయాలి. కాగితంలో చుట్టిన వేళ్ల కట్ట ఒకటి చేతబట్టుకుని ఊళ్లోకి నడవాలి. ఊరి కార్యనిర్వాహకుడిని 'తురంగ ని కోరో' అంటారు. ఆయన ఎదురొచ్చి ఊరి పెద్ద ఇంటికి తీసుకెళ్తాడు. గడపలో చెప్పులు విడిచి, చాప మీద మఠం వేసుకుని, తెచ్చిన కట్టను నేల మీద పెట్టాలి. చేత్తో అందించకూడదు. పెద్దాయన దాన్ని తాకితే మిమ్మల్ని ఊరు ఒప్పుకున్నట్టు. ఆ కట్టను ముట్టుకుని ఆయన ఫిజియన్ భాషలో చాలాసేపు మాట్లాడతాడు. మీ రాకను పూర్వీకులకు చెబుతాడు, మీ క్షేమానికి ఊరు పూచీ పడుతుందని మాటిస్తాడు. ఈ తంతు పేరు సెవుసెవు.

అది పూర్తయ్యాకే ఈత, చేపల వేట, ఫొటోలు, కొండెక్కడం. అంతకు ముందు ఏది చేసినా దొంగతనంగా వచ్చినట్టే లెక్క.

వేరు కట్ట విలువ

ఆ కట్టలో ఉండేది యంగోనా వేరు. బయటి ప్రపంచం దాన్ని కావా అంటుంది. మిరియాల తీగ కుటుంబానికి చెందిన మొక్క ఇది. కొన్నేళ్లు పెరిగాక వేరు తవ్వి ఎండబెడతారు. దంచి నీళ్లలో పిసికి, వడకట్టి, తనోవా అనే చెక్క పళ్లెంలో పోసి, కొబ్బరి చిప్పతో అందిస్తారు. మట్టిరంగు నీళ్లు, కాస్త వగరు. తాగాక నాలుక మొద్దుబారుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. ఇందులో సారా గుణం లేదు. చిప్ప అందుకునే ముందు ఒకసారి చప్పట్లు కొట్టాలి. ఒక్క గుక్కలో ఖాళీ చేయాలి. తాగాక మూడుసార్లు చప్పట్లు కొట్టాలి.

పడవల వాళ్లు రేవుల్లోని మార్కెట్లలో అర కిలో చొప్పున కట్టలు కట్టించుకుని, ఊరికొకటి లెక్కన పెట్టుకుంటారు. పొడి తీసుకెళ్తే తక్కువ చేసినట్టు ఉంటుందని వేరునే ఇస్తారు.

మన పల్లెల్లోనూ కొత్త మనిషి నేరుగా గల్లీల్లోకి పోయేవాడు కాదు. చావడి దగ్గర ఆగి, ఎవరి తాలూకు, ఏ పని మీద వచ్చావని పెద్దమనుషులు అడిగితే చెప్పి, మంచినీళ్లు తాగి లేచేవాడు. ఫిజీలో ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది, పడవ ఎంత ఖరీదైనదైనా సరే. తీరాన్ని ఆనుకుని ఉన్న చేపల నీళ్ల మీద ఆయా వంశాలకు సంప్రదాయ హక్కు ఉండటం దీనికి ఒక కారణం. అక్కడ ఒడ్డు దాటాక మొదలయ్యే నీళ్లు కూడా ఊరివే.

ఫులంగాలో ఇంకో అడుగు ముందుకేశారు. వచ్చిన ప్రతి పడవకూ ఊళ్లో ఒక కుటుంబాన్ని అప్పగిస్తారు. ఆదివారం చర్చి తర్వాత ఆ ఇంట్లోనే భోజనం. కర్ర చెక్కడంలో ఆ దీవి వాళ్లకు పేరుంది. కావా కలిపే తనోవాలు చెక్కి అమ్ముతారు. పడవలో మెకానిక్ ఉంటే జనరేటర్ బాగుచేస్తాడు. కుట్టుమిషన్ ఉంటే చిరిగిన తెర కుడతారు. చదువుకునే కళ్లద్దాలు, గాలాలు, తాళ్లు, నోటు పుస్తకాలు ఇచ్చిపోతారు. ఊరివాళ్లు బొప్పాయి, కొబ్బరి, కర్రపెండలం ఇస్తారు. నెలకోసారి ఓడ వచ్చే చోట నోట్ల కట్ట కంటే గాలాల డబ్బాకు గిరాకీ ఎక్కువ.

ఒకప్పుడు లావ్ దీవులకు ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప పడవలను రానిచ్చేవారు కాదు. ఇప్పుడు సువా, లౌతోకా, సవుసవు లాంటి రేవుల్లో పసుపు జెండా ఎగరేసి ఆగాలి. ఆరోగ్య, కస్టమ్స్, ఇమిగ్రేషన్ తనిఖీలయ్యాక దీవుల్లో తిరిగే పర్మిట్ తీసుకోవాలి. ఆ కాగితం ప్రభుత్వం ఇచ్చేది. ఊరు ఇచ్చే అనుమతి మళ్లీ వేరే.

గాలి దారి

సువా నగరం భూమధ్యరేఖకు దక్షిణాన 18 డిగ్రీల మీద ఉంది. కొండపాక ఉత్తరాన దాదాపు అంతే దూరంలో ఉంది. మధ్యలో పదకొండు వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నా, చెరకు, మామిడి, కొబ్బరి, బొప్పాయి అక్కడా పండుతాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ చలికాలం. ఆగ్నేయం నుంచి గాలి తెంపు లేకుండా వీస్తుంది. తెరచాప పడవల సీజన్ అదే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్లు. పడవలు న్యూజిలాండ్ వైపు వెళ్లిపోతాయి, లేదా మడ అడవుల మధ్య తాళ్లతో కట్టుకుని కూర్చుంటాయి.

హిందూ మహాసముద్రంలోనూ ఇదే ఆగ్నేయ గాలి ఉంది. అది భూమధ్యరేఖ దాటి మలుపు తిరిగి మనకు నైరుతి రుతుపవనంగా వస్తుంది. ఫిజీలో తెరచాపను నింపే గాలికీ, కొండపాక పత్తి చేనుకు వాన తెచ్చే గాలికీ జాతి ఒకటే.

నలభై అడుగుల తెరచాప పడవ గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు పోతే బాగా పోయినట్టు. గాలి పడిపోతే ఎదురుచూడాలి. నీళ్లు, కూరగాయలు, డీజిల్ ఎక్కడో ఒకచోట అయిపోతాయి. పగడపు దిబ్బల మధ్యకు పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడే వెళ్లాలి. అప్పుడే నీటి రంగులో లోతు తెలుస్తుంది. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా వెళ్తే దిబ్బ కనిపించదు, పడవ పగులుతుంది. క్రూయిజ్ ఓడ అన్నీ తనతో తెచ్చుకుంటుంది, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. తెరచాప పడవకు ఊరితో అవసరం పడుతుంది. ఆ అవసరమే యాత్రికుణ్ణి అతిథిగా మారుస్తుంది.

అవసరం రెండు వైపులా ఉంటుందని 2016లో తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకి 44 మందిని బలితీసుకుంది. బయటి దీవుల్లో ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. పెద్ద ఓడలు చేరలేని చోట్లకు తెరచాప పడవలు టార్పాలిన్లు, తాగునీరు, రంపాలు, విత్తనాలు మోశాయి. పడవల వాళ్లకు దారులు తెలుసు, ఊళ్లలో ఎవరిని కలవాలో కూడా తెలుసు. సెవుసెవులో మొదలైన పరిచయం అప్పుడు పనికొచ్చింది.

తారిణిలో ఇద్దరు

'మనవాళ్లు తెరచాప పడవలో ప్రపంచం చుట్టి రావడమా?' అనుకునే కాలం 2018తో పోయింది. భారత నౌకాదళం పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవాలో తెరలెత్తింది. సిబ్బంది ఆరుగురూ మహిళలే. కెప్టెన్ వర్తికా జోషి. ఆమెతో ప్రతిభా జమ్వాల్, విజయా దేవి, పాయల్ గుప్తా. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు 55 అడుగులు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల మీదుగా 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరింది. 254 రోజుల యాత్ర.

వాళ్ల దారి ఉష్ణమండల దీవులది కాదు. దక్షిణ సముద్రంలో మంచుగాలి, ఇంటి ఎత్తు అలలు, దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్. అయినా చివరి అంచెలో చుక్కాని మొరాయించి, ముందు అనుకోని ఒక దీవిలో ఆగాల్సి వచ్చింది. అది మారిషస్‌లోని పోర్ట్ లూయీ. ఇద్దరు తెలుగు నావికులు చేరిన ఆ దీవిలో ఉగాది ప్రభుత్వ సెలవు. అక్కడ తెలుగువాళ్లు 19వ శతాబ్దం నుంచీ ఉన్నారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దేశంలోనే. అక్కడి తెలుగువాళ్ల పూర్వీకుల్లో చాలామంది గోదావరి ముఖాన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లు. అదీ తెరచాప ఓడే.

అడిగి వచ్చినవాళ్లు కారు

ఫిజీకీ మనవాళ్లు ఓడల్లోనే వచ్చారు. 1879లో లియొనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి ఒప్పంద కూలీలను తెచ్చింది. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరుచుకుంది. 1916లో ఆఖరి ఓడ వచ్చే నాటికి 60 వేలకు పైగా మంది చేరారు. వారిలో దాదాపు నాలుగో వంతు దక్షిణాది వాళ్లు. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు. ఐదేళ్ల ఒప్పందాన్ని వాళ్లు 'గిర్మిట్' అన్నారు. చెరకు తోటల్లో గీసి ఇచ్చిన పని పూర్తికాకపోతే కూలి కోత, కొన్నిసార్లు జైలు. ఆ పద్ధతి 1920 జనవరి 1న రద్దయింది.

వాళ్లు ఏ ఊరి పెద్ద ముందూ వేరు కట్ట పెట్టలేదు. పెట్టే వీలే లేదు. తెచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం, దించింది చక్కెర కంపెనీల తోటల్లో. ఊళ్లలోకి పోకుండా, ఫిజియన్లతో కలవకుండా చూసుకున్నదీ ఆ ప్రభుత్వమే. ఫిజీ భూమిలో ఎనభై శాతానికి పైగా స్థానిక వంశాల ఉమ్మడి ఆస్తి. అమ్మకానికి లేదు, కౌలుకే దొరుకుతుంది. నాలుగు తరాలు చెరకు పండించినా పొలం సొంతం కాలేదు. 1987లో, 2000లో తిరుగుబాట్లు జరిగినప్పుడు చాలామంది ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు తరలిపోయారు.

అంతకు చాలా ముందే వాళ్లు బడులు కట్టుకున్నారు. 1926లో నాండి పట్నంలో దక్షిణాది వాళ్లంతా కలిసి సంగం పెట్టారు. 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పేరుతో తమ సంస్థ నెలకొల్పుకున్నారు. ఇప్పటి పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీయే. తెలుగు పాటల్లో, పెళ్లి తంతుల్లో, పేర్లలో మిగిలింది. కావా మాత్రం అందరిదీ అయింది. చెరకు ఊళ్లలో సాయంత్రం పని దిగాక చాప పరిచి తనోవా చుట్టూ కూర్చునే అలవాటు మనవాళ్లకూ అబ్బింది. లౌతోకా మార్కెట్‌లో యాత్రికుడు కొనే వేరు కట్టను కట్టి ఇచ్చేది ఓ గిర్మిటియా మునిమనవడో, మునిమనవరాలో అయినా ఆశ్చర్యం లేదు.

ఒడ్డు చేయాల్సిన పని

వచ్చినవాడికి మర్యాద ఉన్నట్టే, ఒడ్డుకూ ధర్మం ఉంది. ఈ మాట కాకతీయులకు తెలుసు. కొండపాక రుద్రేశ్వరాలయం వాళ్ల కాలం నాటిదే. ఆ వంశంలోని గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు గాలికి కొట్టుకొచ్చిన, పగిలిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్లను దోచుకోబోమని, ఉన్న సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన రాయించాడు. సముద్రానికి ఎంతో దూరాన ఓరుగల్లులో ఉన్న రాజు తుపాన్లో చిక్కిన పరాయి నావికుడి సంగతి ఆలోచించాడు.

1884 మే 11న ఫిజీ ఒడ్డుకు ఇదే పరీక్ష ఎదురైంది. కూలీలను తెస్తున్న సిరియా అనే తెరచాప ఓడ నసిలై దిబ్బ మీద పగిలింది. ఓడలో దాదాపు 500 మంది. వైద్యాధికారి విలియం మెక్‌గ్రెగర్ రక్షణ పనికి ముందు నిలిచాడు. ఫిజియన్లూ ఆ పనిలో ఉన్నారు. 59 మంది పోయారు, మిగిలినవాళ్లు ఒడ్డెక్కారు. ప్రభుత్వం విడదీసిన రెండు జాతులు అలా అలల్లో ఒకరి చేయి ఒకరు పట్టుకున్నాయి.

ఊరు లేచిపోతే

లావ్ నుంచి వాయవ్యంగా వనువా లేవు దీవి చేరితే, ఒడ్డున వునిందోంగోలోవా అనే ఊరి పాత గుర్తులు కనిపిస్తాయి. సముద్రం ఏటికేడు ఇళ్లలోకి రావడంతో 2014లో ఆ ఊరు దాదాపు రెండు కిలోమీటర్లు లోపలికి జరిగింది. సముద్ర మట్టం పెరగడం వల్ల ఫిజీలో తరలిన మొదటి ఊరు అదే. అడిగింది ఊరివాళ్లే. వెళ్లిన చోటు వాళ్ల వంశ భూమే.

అక్కడికి దగ్గర్లోనే రంబి దీవి ఉంది. దాని కథ వేరు. అక్కడ ఉండేవాళ్లు వేల కిలోమీటర్ల అవతలి బనాబా దీవి వాళ్లు. ఎరువుల కోసం ఫాస్ఫేట్ తవ్వి తవ్వి బనాబాను గుల్ల చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945 డిసెంబరులో బనాబన్లను తెచ్చి రంబిలో దించారు. రంబిని కొన్న డబ్బు కూడా వాళ్ల ఫాస్ఫేట్ సొమ్ములోదే. ఇప్పటికీ తెరచాప పడవల వాళ్లు రంబిలో ఆగితే పెద్దవాళ్లు ముందు బనాబా గురించి చెబుతారు, ఆ తర్వాతే తామున్న దీవి గురించి.

ఈ రెండు కథలూ కొండపాక చుట్టుపక్కల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మల్లన్నసాగర్ కింద ఎనిమిది ఊళ్లు పోయాయి. వాటిలో ఎర్రవల్లి, సింగారం కొండపాక మండలానివే. 50 టీఎంసీల జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఊళ్లవాళ్లు గజ్వేల్ పక్కన పునరావాస కాలనీలకు చేరారు. పరిహారం మీద కోర్టుల దాకా వెళ్లారు. గోదావరి నీళ్లు ఎత్తిపోతల మీద ఇక్కడి దాకా వచ్చి చేలను తడపడం నిజం. బొడ్రాయి నీళ్ల కింద ఉండటమూ నిజం. వునిందోంగోలోవా వాళ్లు తమను తామే తరలించుకున్నారు, బనాబా వాళ్లను తరలించారు. మల్లన్నసాగర్ ఊళ్లవాళ్లను అడిగితే తమది ఏ వరసో వాళ్లే చెబుతారు.

వద్దన్న ఊరు

అడగడం అంటే 'వద్దు' అనే జవాబుకూ సిద్ధపడటం. అలాంటి దీవి మన దేశంలోనే ఉంది. అండమాన్‌లో తెలుగువాళ్లు తక్కువేం కాదు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనంలో 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఆ దీవుల సమూహంలోనే ఉత్తర సెంటినెల్ ఉంది. అక్కడివాళ్లు ఎవరినీ రానివ్వరు. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధనల కింద ఐదు నాటికల్ మైళ్ల లోపలికి పోవడం నేరం. బయటి జబ్బులకు వాళ్ల ఒంట్లో రక్షణ లేదు. ఒక్క జలుబు చాలు ఊరంతా తుడిచిపెట్టుకుపోవడానికి. 2018 నవంబరులో ఒక అమెరికన్ మతబోధకుడు రహస్యంగా వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఒడ్డు నుంచి వచ్చే బాణం కూడా జవాబే. లంగరు వేయడం తెలిసినవాడికి, వేయకుండా తిరిగి వెళ్లడమూ తెలిసి ఉండాలి.

మనకు మొదటి మెట్టు హుస్సేన్‌సాగర్

సముద్రం లేకపోతే నావికులు కాలేరన్న మాటను హైదరాబాద్ ఎప్పుడో తోసేసింది. హుస్సేన్‌సాగర్‌లో దశాబ్దాలుగా తెరచాప పోటీలు జరుగుతున్నాయి. 2009లో మొదలైన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకూ ఈ విద్య నేర్పుతోంది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి హాంగ్జౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పడవ నడిపింది. చిన్న డింగీ బోటు మీద గాలి పట్టడం, తెర తిప్పడం, బోల్తా పడితే లేపుకోవడం వస్తే పెద్ద పడవకు పునాది పడ్డట్టే.

*దీవి ఊళ్లో అడుగుపెట్టే ముందు*

• ముందు ఊరి పెద్దను కలవండి. అది కాకుండా ఈత, వేట వద్దు.
• ఊళ్లో టోపీ పెట్టుకోవద్దు, సంచి భుజాన వేసుకోవద్దు. పిల్లల తల నిమరవద్దు. ఫిజీలో తల పవిత్రం.
• ఆదివారం పడవ మోటారు, ఆటలు, పని అన్నీ బంద్.
• పగడం మీద లంగరు వేయవద్దు. ఇసుక చూసి వేయండి.
• చెత్తను ఊళ్లో వదలవద్దు. దీవికి చెత్త బండి రాదు.
• మిఠాయిలు పంచి పిల్లలకు చేయి చాచడం నేర్పవద్దు. ఇవ్వాలనుకున్నది బడికో, ఊరి పెద్దకో ఇవ్వండి.

మన నీళ్ల మీద

మల్లన్నసాగర్ చిన్న చెరువు కాదు. గాలి బాగా వీచే రోజు దాని మీద అలలు లేస్తాయి. ఇవాళ కాకుంటే రేపు అక్కడ పడవలు తిరుగుతాయి, కాటేజీలు వస్తాయి, సెల్ఫీలు దిగేవాళ్లు వస్తారు. అప్పుడు టెండర్ ఎవరికి, టికెట్ ఎంత అన్న లెక్కలు ముందుకొస్తాయి. ఫిజీ చెప్పే లెక్క వేరు. నీళ్ల మీద తిరిగేవాడు ఆ నీళ్లతో బతికేవాళ్ల అనుమతి తీసుకోవాలి, ఆదాయంలో వాళ్ల వాటా తేల్చాలి. మన దగ్గర అలా అడగాల్సినవాళ్లు ఉన్నారు. జలాశయంలో వల వేసే మత్స్యకార సహకార సంఘాలు ఒకటి, ఎనిమిది ఊళ్ల నుంచి లేచి గజ్వేల్ పక్కన ఉంటున్నవాళ్లు రెండోది. పడవ నడిపే కొలువులు, గైడ్ పని, ఒడ్డున కొట్లు ముందుగా వాళ్ల పిల్లలకే రావాలి. ఏ నీటి కింద ఏ ఊరుందో, ఏ గుడి ఏ దిక్కున ఉండేదో వచ్చినవాళ్లకు చెప్పగలిగింది వాళ్లే. వాళ్లను అడగకుండా తొలి బోటు దింపితే, అది ఎంత అందమైన బోటైనా, ఊరి అనుమతి లేకుండా వేసిన లంగరే.